అచ్చుతప్పు

ఒకరి బదులు ఇంకొకరు ‘నేను’ అని రాస్తే, ఆ అబద్ధం తాలూకు పాపం ఎవరికి చుట్టుకుంటుంది? నాలుగేళ్ళుగా ఈ అనుమానం ఆమెను వదలడం లేదు. పొద్దున్నే దేవుడి ముందు చేతులు జోడించి ఇంటి సంగతులన్నీ చెప్పుకునేది కానీ, ఇదొక్కటీ గొంతు దాటి వచ్చేది కాదు. అబద్ధమాడుతున్నది కట్టుకున్నవాడి కోసం, అదీ సంసారంలో ఒక పనే అనుకుంటే సరిపోతుంది కదా అని సర్ది చెప్పుకునేది. సరిపోయేది కాదు.

భర్త ఉద్యోగం మానేసి ఇద్దరు స్నేహితులతో కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. ముందుగదే ఆఫీసు. మంచాన పడ్డవాళ్ళకి ఏ మందు ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు పక్క మార్చాలో ఇంట్లోవాళ్ళకి గుర్తుచేసే యాప్ తయారుచేశారు. అత్తగారు మంచం పట్టినప్పటి నుంచీ ఆమె కేలెండరు వెనక గిలికి పెట్టుకున్న వేళలే దానికి మూలం. ప్రకటనలు ఇవ్వడానికి డబ్బుల్లేవు. “కొత్త కంపెనీకి కంటెంటే దిక్కు,” అన్నాడాయన. “అమ్ముతున్నట్టు కనపడకూడదు. జనం ఏ ప్రశ్న పట్టుకుని వెతుకుతారో దానికి మనం జవాబు రాయాలి. నమ్మకం కుదిరితే వాళ్ళే కొంటారు. నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, వారానికి రెండు రాసి పడెయ్. కూర్చుని రాసేదేగా!”

కూర్చునే తీరికే ఆమెకి దొరికేది కాదు. అత్తగారికి మెత్తగా కలిపిన అన్నం తినిపించి, పక్కబట్టలు నానబెట్టి, తడిచేతులు చీరకి తుడుచుకుని రాసేది. వీపు మీద పుండ్లు పడకుండా ఏం చెయ్యాలి, మందు మింగనని మొండికేస్తే ఎలా బుజ్జగించాలి. చదివేవాళ్ళు పెరిగారు, వాళ్ళ వెనకే కొనేవాళ్ళూ వచ్చారు. ప్రతి వ్యాసం మీదా ఆయన ఫొటో, ఆయన పేరు. ఆఫీసుకి ఎవరైనా వస్తే, కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డ ఆమెను చూపించి, “మా ఆవిడ. ఖాళీగా ఉన్నప్పుడు టైపింగులో సాయం చేస్తుంది,” అనేవాడు.

అత్తగారికి ఆ వ్యాసాలు చదివించుకోవడం మహా సరదా. “ఏమే, మావాడు ఈ వారం ఏం రాశాడు?” అని అడిగి మరీ వినేది. ‘తెల్లవారుజామున లేచి అమ్మ పక్క మార్చాను’ అన్నచోట కళ్ళొత్తుకునేది. “చూశావా, నా కోసం ఎంత అవస్థ పడుతున్నాడో పిచ్చి నాయన! నువ్వూ ఉన్నావు...” అనేది. కోడలు ఒక చేత్తో ఫోను పట్టుకుని చదువుతూ, రెండో చేత్తో ఆ పక్కే సర్దుతూ ఉండేది.

మన మాటలో ఒక చిక్కుంది. ‘లేచాను’ అంటే ఆడో మగో తెలియదు. రోజూ జరిగేది చెప్పబోయి ‘లేచేవాణ్ణి’ అనో ‘లేచేదాన్ని’ అనో అన్నామా, మనిషి బయటపడిపోతాడు. అందుకని ఆమె అంతా ‘లేచాను, మార్చాను’లతోనే నెట్టుకొచ్చేది. మూడేళ్ళ కిందట ఒకసారి చెయ్యి జారి ‘లేచేదాన్ని’ అని పడింది. మర్నాడు ఆయన చూసి దిద్దించాడు. ఈలోపే ఒకావిడ కంపెనీకి మెయిలు రాసింది.

‘అయ్యా అనాలో అమ్మా అనాలో తెలియడం లేదు. మీరు రాసేవన్నీ మావారు నాకు చదివి వినిపిస్తారు. చూడు, మగాడై ఉండి, కంపెనీ నడుపుకుంటూ తల్లికి అన్నీ చేస్తున్నాడు, ఇంట్లో పడి ఉండే నీకేం రోగం అంటారు. మా అత్తగారికి నేను చేస్తూనే ఉన్నానండీ. నిన్న మీ రాతలో లేచేదాన్ని అని చూశాను. అది అచ్చుతప్పా? ఒక్క మాట చెప్పండి చాలు.’

“ఆవిడ కొనే మనిషి కాదు, వదిలెయ్,” అన్నాడు భర్త. వదిలేసింది. రాసినవాళ్ళనీ రాయించినవాళ్ళనీ వదిలేసి ఆ పాపం ముక్కూమొహం తెలియని ఒక ఆడమనిషి మెడకి చుట్టుకుందని ఆమెకి ఆ రోజే అర్థమైంది. అర్థం కానట్టు ఉండటానికే దేవుడి ముందు ఇంకా అదే అనుమానం పెట్టుకుని నిలబడేది.

ఈరోజు మధ్యాహ్నం ఆయన హడావిడిగా వచ్చాడు. “రేపు పెట్టుబడి పెట్టేవాళ్ళు వస్తున్నారు. ‘మా కథ’ అని ఒక పేజీ కావాలి. అమ్మ దగ్గర నేను పడ్డ కష్టంలోంచే ఈ యాప్ పుట్టిందని ఉండాలి. చదివితే నిజం అనిపించాలి సుమా!”

ఇన్నేళ్ళు రోజూ చేసింది చెప్పాలంటే ‘లేచాను’ చాలదు. ఆమె రాసింది. ఆయన వెనకనుంచి వంగి చదివాడు.

“ఇదేంటి, అన్నిచోట్లా ‘దాన్ని’ అని కొట్టావ్? ‘వాణ్ణి’ చెయ్.”

“నావల్ల కాదండీ.”

“రెండక్షరాలకి ఇంత రాద్ధాంతమా?”

“రెండక్షరాలేగా. అలాగే ఉండనివ్వండి.”

“ఆ డబ్బు రాకపోతే ఇల్లు గడవదు. రోజూ దేవుణ్ణి నువ్వు అడిగేదీ అదేగా?”

అదీ నిజమే. ఆయన కీబోర్డు తనవైపు లాక్కుని అన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చేశాడు. పదకొండు చోట్ల మారిందని కంప్యూటరే చెప్పింది. “చూశావా, క్షణం పట్టలేదు,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

లోపల్నుంచి అత్తగారు పిలిచింది. “ఏమే, వాడు ఏదో కొత్తది రాశాడటగా, చదవవా?”

“వస్తున్నా అత్తయ్యా. ఒకావిడకి జవాబు బాకీ ఉన్నాను.”

పాత మెయిలు వెతికి తీసింది. ‘అమ్మా, మూడేళ్ళు ఆలస్యం చేశాను, క్షమించండి. అది అచ్చుతప్పు కాదు. మిగతావన్నీ తప్పులు. మా అత్తగారికి చేసింది నేను, రాసింది నేను. ఇది మీవారికి చదివి వినిపించండి.’

కింద భర్త పేరూ, హోదా వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. వాటిని చెరిపి తన పేరు కొట్టింది. కంప్యూటరు ఆ పేరు కింద ఎర్రగీత గీసింది. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని చూసుకుంది. తప్పేం లేదు. పంపించింది.