రెండో తొడుగు

ధాత్రి నేలమీద మోకాళ్లు ఆనించి, వాల్టర్ తెగిన కాలికి ఉన్ని తొడుగు ఎక్కిస్తోంది. ముడత పడకూడదు. పడితే సాయంత్రానికి పుండే. పొద్దున ఒక్క తొడుగు చాలు. మధ్యాహ్నానికి వాపు తగ్గి కట్టుడు కాలు వదులైపోతుంది, అప్పుడు రెండోది వేయాలి. అది ఆమె యూనిఫాం జేబులో ఉంది.

"దీన్ని చేసినవాడు ఒక్కపూటైనా తొడుక్కుని నడిచాడా?" అన్నాడు వాల్టర్. కెనడాలోని ఈ హాలిఫాక్స్ ఓడల యార్డులో వెల్డింగు చేసి బొంగురుపోయిన గొంతు. "నువ్వెళ్లి మంచిది చెయ్యి, ఇంజినీర్. యూనివర్సిటీలో సీటు ఇచ్చారుగా. చేరేదీ లేనిదీ చెప్పడానికి ఇవాళే ఆఖరన్నావు."

"చూద్దాం."

"నువ్వు చూద్దామంటే కాదనే. సరిగ్గా చెప్పు."

"టీ తెచ్చినప్పుడు చెప్తా" అని కట్టుడు కాలు తొడిగి, దాని బూటు లేసు ముడివేసింది.

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే జీవశాస్త్రం పోతుందని, బైపీసీ తీసుకుంటే లెక్కలు పోతాయని ఏడ్చిన పిల్ల. రెండూ కలిసిన చదువు బయో ఇంజినీరింగ్ అని ఒకటుందని ఈ కేర్ హోమ్‌లో, ఈ కాలి దగ్గరే తెలిసింది. తెలిసేసరికే ఆలస్యమైంది. "ముందు చిన్న డిప్లొమా కొట్టమ్మా, డిగ్రీ తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు ఖమ్మంలో కన్సల్టెన్సీవాడు. ఇంటింటా ఆ మాటే నమ్మారు. పిల్లల్ని బస్తాల్లా విమానాలెక్కించిన ఆ దుకాణాలకు ఇప్పటికీ ఎవడూ తాళం వేయలేదు.

బ్రేక్‌లో వంటగదికి వెళ్లింది. కరీంనగర్ శాంతక్క క్యారెట్లు గీస్తోంది.

"చదువు అయినంక ఇచ్చే వర్క్ పర్మిట్ బతుకుల ఒక్కసారేనే పిల్లా. నీది ఆ హోటల్ డిప్లొమాకే అయిపాయె. మళ్ల నాలుగేండ్లు చదివినా, పని చెయ్యనియ్యరు."

"చదువైతే నాదే కదక్కా?"

"నీదే. తీస్కపోయి ఖమ్మం బస్టాండ్ల చూపెట్టు." శాంతక్క నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. "నా ఎం.ఫార్మసీ కూడా నాదేనే."

క్యారెట్ తొక్కలు సింకులో పడుతున్నాయి. ధాత్రి ఫోన్ తీసి సీటు వద్దని నొక్కింది. ఖాయమా అని అడిగింది ఫోను. మళ్లీ నొక్కింది. భూమేమీ బద్దలవలేదు. కిటికీలోంచి డార్ట్‌మత్ ఫెర్రీ ఎప్పట్లాగే అవతలి ఒడ్డుకి పోతోంది.

తర్వాత పక్కలు మార్చింది. ఒకావిడకి స్నానం చేయించింది. మరొకాయన మూతి తుడిచింది. ఈ మధ్యలో వాల్టర్‌కి చెప్పాల్సిన అబద్ధం సిద్ధం చేసుకుంది: చేరుతున్నాను. ముసలాయన ఆ కాలిని సంతోషంగా ఇంకొన్నాళ్లు తిట్టుకుంటాడు. అతనికైనా ఆ సీటు మిగలనీ.

టీ పట్టుకుని వెళ్లేసరికి నర్సు వాల్టర్ గది కిటికీ తెరుస్తోంది.

"నిద్రలోనే పోయాడు" అంది నర్సు మెల్లగా. "కొడుకుతో మాట్లాడాను. బట్టలు ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. అతన్ని తీసుకెళ్లాక గది సర్దెయ్, రేపు ఇంకొకరు వస్తున్నారు."

కాలు గురించి కొడుకు అడగలేదు, నర్సు చెప్పలేదు. ధాత్రి టీ కప్పు బల్లమీద పెట్టింది. చేరుతున్నాను అని తెలుగులోనే అంది. దుప్పటి కదల్లేదు.

సాయంత్రం చొక్కాలు సంచిలో కుక్కి, పక్క దులిపి, దీపం ఆర్పి వెళ్లిపోయింది. గోడవార కాలు నిలబడే ఉంది, పొద్దున ఆమె ముడివేసిన లేసుతో, పైన కాలు దూర్చే ఖాళీ గిన్నెలో ఆమె జేబులోంచి తీసి పెట్టిన రెండో తొడుగుతో.