తల్లికి చోటు చాల్లేదు

దుకాణంలోని ఎంబ్రాయిడరీ మిషన్ ఆ పాత కంప్యూటర్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. ఆ పూట కంప్యూటర్ కూడా మొండికేసింది. కోడలు ప్రోగ్రాం తెరవబోతే, ఫోల్డర్ దొరకలేదంది.

బడి యూనిఫాం మీద కుట్టే బ్యాడ్జి నమూనా సాయంత్రానికి చూపించాలి. నచ్చితే ఏడాదంతా చేతినిండా పని. కోడలు కళ్లు నొప్పెట్టేలా గీసిన ఆ బ్యాడ్జి బొమ్మ ఉన్నది ఆ ఫోల్డర్‌లోనే.

అత్తగారు గుండీలు కుడుతోందన్న మాటే గానీ, మనసంతా తెర మీదే ఉంది. నిన్నటి తన ఘనకార్యమే కొంప ముంచిందేమోనని లోపల పీకుతోంది.

కోడలు పాత ఫ్లాపీలు వెతికి తెచ్చి, ప్రోగ్రాం మళ్లీ ఎక్కించబోయింది. చోటు లేదని కంప్యూటర్ చేతులెత్తేసింది.

"ఇది మీ బీరువాకన్నా ఇరుకు అత్తయ్యా. ఏదో ఒకటి పారెయ్యాలి."

"నా బీరువా ఊసెందుకు ఇప్పుడు?"

కోడలు ఫోల్డర్ల పేర్లు చదువుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది. "బంగారుట్. ఇదెక్కడి పేరు? వైరస్ అయ్యుంటుంది. తీసేస్తా."

అత్తగారి సూది ఆగిపోయింది. నోరు విప్పితే పరువు పోతుంది. విప్పకపోతే బొమ్మే పోతుంది.

"తియ్యకు. అది నువ్వే."

"నేనా?"

"నిన్న సాయంత్రం నువ్వు బజారుకెళ్లావుగా. నువ్వు నేర్పిన ఇంగ్లీషు అక్షరాలతోనే నీ బొమ్మలున్న ఫోల్డర్‌కి పేరు మార్చి కొట్టా, బంగారుతల్లి అని. రోజూ తెరిచేది అదేగా, కనబడుతుందిలే అనుకున్నా. సగం మింగేసింది ముండమోపిది."

కోడలు తెర మీది అక్షరాలు వేలితో లెక్కపెట్టింది. తర్వాత నవ్వాపుకోలేకపోయింది. "దీంట్లో పేరుకి ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. బంగారు దాకా బాగానే పట్టింది, తల్లికి చోటు చాల్లేదు. అయినా ఇన్నేళ్లుగా నన్ను 'ఏమే' అని తప్ప పిలవలేదు, దీనితో చెప్పుకున్నారా?"

"నీ మొహం మీద అంటే నెత్తికెక్కుతావని."

"పాత పేరుంటేనే ప్రోగ్రాం దీన్ని గుర్తుపడుతుంది. మార్చెయ్యనా?"

"మార్చెయ్. ఆ పేరు దానిక్కాదుగా."

పేరు మార్చగానే ప్రోగ్రాం తెరుచుకుంది. బొమ్మ ఒక్క గీత కూడా చెదరకుండా ఉంది. కోడలు మిషన్‌కు గుడ్డ బిగించి, మీట మీద వేలు పెట్టి కూర్చుంది.

"ఇంకా ఏంటే ఆలస్యం?"

"అది మింగేసిన మాట మీ నోటితో అంటేనే నొక్కుతా."

అత్తగారు పంటితో దారం కొరికింది. తలెత్తకుండా, "పొద్దుపోతోంది, నొక్కు తల్లీ," అంది.