పచ్చ బటన్

"డాక్టరు తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. ఆమె లేచి నిలబడింది కానీ, ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయం..."

అక్కడ మా వదిన ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. చదువుతున్న కథలో అది గుండె కలుక్కుమనే చోటు. సరిగ్గా ఆ క్షణంలోనే ఇంకో గొంతు, మహా హుషారుగా, "ఏమండోయ్! బాగున్నారా? కాసిని మంచినీళ్ళు తాగండి మరి!" అంది.

రికార్డింగు అక్కడితో ఆగిపోయింది. వదిన హెడ్‌ఫోన్లు నా తల మీంచి తీసి, "విన్నావుగా" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను.

వదిన మా అన్నయ్య భార్య, నేను ఆమెకి ఆడపడుచుని. నిన్నమొన్నటి దాకా ఈ ఊరి బస్టాండులో అనౌన్సరు. అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో చెప్పేది. చివర్లో ప్రతిసారీ "క్షేమంగా వెళ్ళి రండి" అనేది. అలా అనమని ఆమెకెవరూ చెప్పలేదు. ఆ గొంతు విని బస్సెక్కినవాళ్ళు ఊళ్ళో ఇంటికొకరుంటారు. తర్వాత ఆ గదిలో యంత్రం పెట్టారు. అది బస్సు నంబరూ ప్లాట్‌ఫారం నంబరూ చెప్పి నోరు మూసుకుంటుంది. వదిన ఇంటికొచ్చేసింది. వచ్చిన కొత్తల్లో ఆమె అసలు మాట్లాడటమే తగ్గించేసింది. పిలిస్తే తలూపేది. అన్నయ్య భయపడి నాకు ఫోన్లు చేసేవాడు.

అలాంటి మనిషిలో మళ్ళీ కదలిక తెచ్చింది చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి వినిపించే లైబ్రరీ. వాళ్ళకి చదివేవాళ్ళు కావాలిట. ఒక కథ ఇచ్చి, ఇంట్లోనే చదివి రికార్డు చేసి పంపమన్నారు. వదిన రెండుసార్లు పంపింది. రెండుసార్లూ తిరిగొచ్చింది. "వెనకాల ఎవరో పలకరిస్తున్నారమ్మా. ఇంకొక్కసారి చూస్తాం, ఇదే ఆఖరు" అన్నారు. ఆ ఆఖరిది ఇవాళ సాయంత్రం లైబ్రరీ మూసేలోగా వాళ్ళ చేతికందాలి.

పలకరిస్తున్నది ఒక బొద్దు చిలక. 'పలకరింపు' అని దాని పేరు. అన్నయ్య ఫొటోలు అతికించుకోవడానికేదో ఉచిత సాఫ్ట్‌వేరు దించుకుంటే, దాని తోక పట్టుకుని పిలవని పేరంటంలా ఇదీ దిగింది. మొదట్లో పొద్దునొకసారి తెర మూల నుంచి తొంగిచూసి పలకరించేదిట. ముద్దుగా ఉందనుకున్నారు. ఏకు మేకైంది. ఇప్పుడు బుద్ధి పుట్టినప్పుడల్లా కూస్తుంది. పైగా ఏ సైటు చూశారో, ఏం కొన్నారో ఎవరికో చేరవేస్తుంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే రకం.

నాకు కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, షాపు బోర్డు మీద రాయలేదంతే. ఈ చిలకని వదిన చేత ఫోన్లోనే రెండుసార్లు తీయించాను. "ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు, రీస్టార్ట్ చెయ్యి, అయిపోయింది" అని పెట్టేశాను. రెండుసార్లూ అది తిరిగొచ్చింది. రెండోసారి నేను ఫోన్లో గట్టిగానే అరిచాను. అందుకే ఇవాళ షాపుకి తాళం వేసి, సంచీ భుజాన వేసుకుని నేనే వచ్చాను.

రికార్డింగు కోసం ఆమె చేసుకున్న ఏర్పాటు చూస్తే నాకు ముచ్చటేసింది. చిన్నగదిలో కిటికీకి పరుపు నిలబెట్టింది. తలుపు సందులో పాత తువ్వాలు కుక్కింది. గోడ చుట్టూ దుప్పట్లు వేలాడదీసింది. చప్పుడవుతుందని ఫ్యాను ఆపేసి, ఫ్రిజ్ తీగ పీకేసి, చెమటలు కక్కుతూ చదువుతోంది. ఇంత చేస్తే, లోపలి నుంచే కూస్తున్న చిలకని ఏ పరుపు ఆపుతుంది? స్పీకరు నోరు నొక్కేసినా అదే తెరిచి కూస్తుందిట.

"జరుగు వదినా" అని కుర్చీ లాక్కున్నాను.

కంప్యూటర్లో ఉన్న సాఫ్ట్‌వేర్ల జాబితా తీసి, 'పలకరింపు' మీద నొక్కి, తీసెయ్యమన్నాను. రీస్టార్ట్ చెయ్యాలంది. సరే అన్నాను. అది ఆరి వెలిగేలోగా అన్నయ్యని నాలుగు దులిపి రావచ్చని వంటగదిలోకి వెళ్ళాను.

"ఫ్రీ అని కనబడితే చాలు, ముందూ వెనకా చూడవా?"

"ఫొటోలు అతికించుకుందామని..."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నయ్యా?"

"తొక్కింది నేను, కడిగేది నువ్వు. నీకేం నష్టం? నేర్పు పెరుగుతుంది" అని టీ గ్లాసు చేతికిచ్చాడు. మా అన్నయ్యకి సిగ్గు పుట్టించడం నా వల్ల కాదు.

నేను తిరిగి వచ్చేసరికి తెర శుభ్రంగా ఉంది. చిలక లేదు. "చదువుకో" అన్నాను విజయగర్వంతో. వదిన మళ్ళీ మొదలెట్టింది. నేను తలుపు బయట నేల మీద కూర్చుని విన్నాను. ఆ గొంతులో కథ నడుస్తుంటే నేను టీ సంగతే మర్చిపోయాను. డాక్టరు తలుపు దాకా వచ్చాడు. ఆగాడు.

"వచ్చేశానోయ్! నన్ను తలుచుకున్నారా?" అంది చిలక.

నేను లోపలికి వెళ్ళేసరికి వదిన రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. "వద్దులే అమ్మాయ్. నాకు రాసిపెట్టి లేదు. నువ్వు షాపుకి వెళ్ళు" అంది.

చిత్రమేమిటంటే, నా కోపం అప్పుడే దిగిపోయింది. దాని స్థానంలో కుతూహలం వచ్చి కూర్చుంది. నా కళ్ళ ముందు తీసేసిన వస్తువు అది. తనంతట తాను ఎలా వస్తుంది? ఎవరో తలుపు తీస్తున్నారు. ఎవరు?

"నువ్వు కాసేపు కళ్ళు మూసుకుని పడుకో వదినా. ఇదేమిటో నేను తేల్చాలి" అన్నాను. ఆమె పడుకోలేదు. నా వెనకే నిలబడింది.

వెతకడం మొదలుపెట్టాను. కంప్యూటరు లేవగానే వాటంతటవి లేచేవి కొన్నుంటాయి, వాటిలో చూశాను. చిలక లేదు. బ్రౌజరుకి జలగల్లా పట్టుకునేవి కొన్నుంటాయి, ఒకటి దొరికింది కానీ దానికి చిలకని మోసుకొచ్చే శక్తి లేదు. ఇక మిగిలింది, కంప్యూటరుకి పనులు పురమాయించే చోటు. ఫలానా వేళకి ఫలానా పని చెయ్యి అని అక్కడ చెప్పిపెడితే అది గుమాస్తాలా చేసుకుపోతుంది. ఆ వరసలో చివర ఒకటి కనబడింది. పని పేరు: మళ్ళీ రావడం. పురమాయించినది ఎప్పుడో కాదు, ఇందాక నేను వంటగదిలో ఉన్నప్పుడు. పురమాయించినవారు: ఇల్లాలు.

'ఇల్లాలు' అంటే వదిన. కంప్యూటరు కొన్న రోజు అన్నయ్య సరదాకి అందులో ఆమెకి పెట్టిన పేరది.

"వదినా, ఇందాక రీస్టార్ట్ అయ్యాక నువ్వేమైనా నొక్కావా?"

"నొక్కాను. అది అడిగింది కదా."

"ఏం అడిగింది?"

"నువ్వెప్పుడూ చూడలేదా?" అంది ఆశ్చర్యంగా. "మళ్ళీ తీసెయ్యి, చూపిస్తాను."

మళ్ళీ తీసేశాను. రీస్టార్ట్ చేశాను. ఈసారి కుర్చీలోంచి కదల్లేదు. తెర వెలిగింది. నడిమధ్యన చిలక ప్రత్యక్షమైంది. చంకలో చిన్న పెట్టె, కంట్లో నీటిబొట్టు. "మరి నేను వెళ్ళనా?" అని అడిగింది. కింద రెండు బటన్లు. ఎర్రదాని మీద 'పో' అని ఉంది. పచ్చదాని మీద 'వెళ్ళి రా' అని ఉంది.

నాకు విషయం అర్థమై, ముందు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. దీన్ని తయారు చేసినవాడెవడో గానీ మన మాట బాగా తెలిసినవాడు. గుమ్మం దిగుతున్న వాళ్ళని పొమ్మనడానికి మన నోరు రాదు. బాకీవాడినైనా, నచ్చని చుట్టాన్నైనా 'వెళ్ళి రండి' అనే సాగనంపుతాం. వాడు ఆ మర్యాదకే గాలం వేశాడు. మనం అలవాటుగా అన్న మాటని వాడి చిలక ఆర్డరుగా తీసుకుంది. వెళ్ళింది, వచ్చింది.

"ఫోన్లో తీయించినప్పుడూ పచ్చదే నొక్కావా?"

"మరి? ఎదురుగా నిలబడి 'వెళ్ళనా' అంటే, పో అంటామా ఎవరినైనా?"

"అది ఎవరూ కాదు వదినా, బొమ్మ! పచ్చది నొక్కితే మళ్ళీ రమ్మని పిలిచినట్టు. పాముకి పాలు పోసి సాగనంపుతున్నావు!"

నేను మళ్ళీ అరిచాను. వదిన మెల్లగా, ఎవరి గురించో చెబుతున్నట్టు అంది.

"బస్టాండులో ఆఖరి రోజు మేనేజరు గదిలోకి వెళ్ళి, వెళ్ళొస్తానండీ అన్నాను. ఆయన ఏదో టైపు చేసుకుంటున్నాడు. తలెత్తలేదు. 'ఆ, వెళ్ళండి' అన్నాడు. అంతే. ఎన్ని వేలమందికి చెప్పానో అమ్మాయ్, వెళ్ళి రండి అని. నాకొక్కడు చెప్పలేదు. మెట్లు దిగుతుంటే మైకులో ఆ యంత్రం ఏదో నంబరు చెబుతోంది." మళ్ళీ తెర వైపు చూసి, "బొమ్మో, మనిషో. పో అన్న మాట నేననలేను" అంది.

ఆమె మాట్లాడటం మానేసిన రోజుల్లో మేమంతా ఉద్యోగం పోయిన దిగులనుకున్నాం. పాటలు పెట్టాం, సినిమాలకి తీసుకెళ్ళాం, జీతం లేకపోతే ఏం అని ధైర్యం చెప్పాం. ఒక్క మాట గురించి అని మాకెవరికీ తట్టలేదు. ఫోన్లో అరిచినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"సరే, నువ్వు అటు తిరుగు. నేను నొక్కుతాను" అన్నాను.

వదిన నా చేతిలోంచి మౌసు తీసుకుంది. "నా ఇంటికొచ్చింది. నేనే చెప్పాలి. వేరే మాటున్న బటన్ లేదా?"

"లేదు. రెండే."

చిలక పెట్టెతో నిలబడే ఉంది. వదిన గొంతు సవరించుకుంది. బస్టాండు మైకు ముందు సవరించుకున్నట్టే.

"చూడమ్మా, ఇక్కడ నీకు పని లేదు. నాకుంది. నీకు పని ఉన్న చోటికి క్షేమంగా పో" అని ఎర్ర బటన్ నొక్కింది.

చిలక పోయింది. వదిన కళ్ళు తుడుచుకుని, "అబ్బ, ఎంత కష్టమే!" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. వంటగదిలోంచి అన్నయ్య "ఏమైంది, ఏమైంది?" అంటూ పరుగెత్తుకొచ్చాడు. మేము చెప్పలేదు.

ఇల్లలకగానే పండగ కాదు. అది పోయినా దాని సామాను మిగిలే ఉంటుంది. 'మళ్ళీ రావడం' అన్న పనిని చెరిపేశాను. దాని ఫోల్డరు తెరిస్తే అందులో ఈకల బొమ్మలు, పలకరింపుల గొంతులు గుట్టగా ఉన్నాయి, వాటినీ తుడిచేశాను. బ్రౌజరుకి పట్టిన జలగని పీకాను. కంప్యూటరు తన గుర్తులన్నీ రాసుకునే రిజిస్ట్రీలో దాని పేరుతో వెతికి, దొరికినదల్లా తీసేశాను. అక్కడ పొరపాటున ఇంకోటి చెరిపితే కంప్యూటరే లేవదు కనుక, ముందే ఒక నకలు తీసి పెట్టాను. చివరికి అన్నయ్య ఫొటోల సాఫ్ట్‌వేరు కూడా తీసేశాను. దానికి అన్నయ్య అనుమతి అడగలేదు.

రీస్టార్ట్ చేసి ముగ్గురం తెర వంక చూస్తూ కూర్చున్నాం. ఏమీ రాలేదు. ఇంకాసేపు చూశాం. అన్నయ్య తుమ్మితే ఉలిక్కిపడ్డాం. ఏమీ రాలేదు.

వదిన తలుపేసుకుంది. నేను మళ్ళీ బయట నేల మీద కూర్చున్నాను. డాక్టరు తలుపు దాకా వచ్చాడు, ఆగాడు. ఆమె లేచి నిలబడింది. ఎవరూ పలకరించలేదు. తర్వాతి వాక్యం వచ్చింది, ఆ తర్వాతిదీ వచ్చింది. కథ చివరిదాకా సాగింది. ఆ కథలో మనిషి బతికాడని నాకు అప్పుడే తెలిసింది.

లైబ్రరీ మూసే వేళకి పరుగున చేరాం. రికార్డింగులు ఎంపిక చేసే పెద్దాయనకి చూపు లేదు. పెన్‌డ్రైవు తీసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తల కాస్త వంచి విన్నాడు. ముఖంలో ఏదీ కనబడనివ్వలేదు. వదిన బల్ల అంచు పట్టుకుని నిలబడింది. బయట చీపురు చప్పుడవుతోంది. ఒకచోట ఆయన వేళ్ళు బల్ల మీద కదలడం ఆపేశాయి. అది డాక్టరు దగ్గరేనని నేను లెక్కేసుకున్నాను.

పూర్తిగా విని హెడ్‌ఫోన్లు తీశాడు. "ఈసారి మీ ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు తాగమనలేదే?" అన్నాడు.

"వాళ్ళు వెళ్ళిపోయారండీ" అంది వదిన.

ఆయన నవ్వాడు. "ఈ గొంతు నాకు తెలుసు. బస్టాండులో విన్నాను. చివర్లో మీరనే ఆ మాట కోసమే నా బస్సు పిలిచేదాకా చెవి అటే పెట్టి కూర్చునేవాణ్ణి. సరేనమ్మా, ఇవాళ పొద్దుపోయింది. సోమవారం నుంచి మా స్టూడియోలో చదవండి. వెళ్ళి రండి."

వదిన తలూపింది. ఆయనకి కనబడదని గుర్తొచ్చి, "వెళ్ళొస్తానండీ" అంది.

బయటికొచ్చాం. మెట్ల మీద వదిన టక్కున ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఆయన ఏ బటన్ నొక్కాడు?"

"పచ్చదే వదినా" అన్నాను.