వంతెన మీది అరగంట

మామగారు తింటున్నంతసేపూ ఫువాటినో విసనకర్ర ఆపకూడదు. టారో దుంపల మీదో, కొబ్బరిపాలలో ఉడికిన ఆకుల మీదో ఈగ వాలిందంటే తప్పు ఈగది కాదు, కోడలిది. ఆయన ఊరి పెద్దల సభలో మాట చెల్లే మనిషి. తాపీగా తింటాడు, చేపముళ్లు ఏరుకుంటూ మధ్యమధ్యలో లోకం గురించి ఆలోచిస్తాడు. ఆ ఆదివారం ఆయన అలా ఆలోచనలో ఉండగా ఆమె నడుముకి చుట్టుకున్న లావాలావా మడతలో ఫోన్ వణికింది. ఆమె పనిచేసే బ్యాంకులో సర్వర్ ఆగిపోయింది. ఎడమచేత్తో విసురుతూనే కుడిచేత్తో నొక్కాల్సినవి నొక్కి దాన్ని మళ్లీ లేపింది. దీవి రాజధాని ఆపియా పట్నంలో ఏటీఎంల ముందు నిలబడ్డవాళ్లకి డబ్బులొచ్చాయి. మామగారి చేప మీద ఈగ వాలలేదు. ఆ ఇంట్లో వాళ్లకి పట్టింది రెండోది మాత్రమే.

"భోజనాల దగ్గర ఆ ఫోనేంటి కోడలా?" అంది అత్తగారు ఇయానెటా. "ఆఫీసులో నువ్వెంత పెద్దదానివైనా అవ్వు. ఇక్కడ మా సెటు పెళ్లానివి."

నిజమే, మగడింటికొచ్చి ఉంటున్న ఆడదానికి ఆ ఊళ్లో అంతకుమించి పేరుండదు. అందరూ తిన్నాక తినాలి, అందరికన్నా ముందు లేవాలి. ఆడబిడ్డ లూపె ఆ ఇంట పుట్టిన ఆడపడుచు గనక మంచినీళ్లు ముంచుకోవడం కూడా ఆవిడకి తక్కువతనమే. అయినా ఫువాటినో చదువు ఇంట్లో ఎవరికీ పనికిరాలేదంటే అబద్ధమవుతుంది. మామగారి ఫోన్‌లో నిండిపోయిన ఫొటోలు తీసెయ్యాలన్నా, లూపె మర్చిపోయిన పాస్‌వర్డ్ రాబట్టాలన్నా, పాస్టరుగారి ల్యాప్‌టాప్ మొరాయించినా అందరికీ ఆమే గుర్తొస్తుంది. "కాస్త చూసిపెట్టమ్మా, నీకిదెంతసేపు" అంటారు. ఎంతసేపో ఆమెని ఎవరూ అడగలేదు. ఒంట్లో అలసట ఎప్పుడు చేరిందో కూడా ఆమెకి గుర్తులేదు, అత్తింటికి తెచ్చుకున్న చాపల్లాగే అదీ ఇంట్లో ఓ మూల పడి ఉంది.

మర్నాడు ఆఫీసులో మేనేజరు సావేలియో ఆమెని పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"నేను ఆక్లాండ్ వెళ్లిపోతున్నాను. ఈ కుర్చీకి సిడ్నీ హెడ్డాఫీసువాళ్లు మనిషిని వెతుకుతున్నారు. ఈసారన్నా దరఖాస్తు పెడతావా, మళ్లీ ఎవరి పెళ్లన్నా ఉందా?"

పోయినసారి లూపె కూతురి పెళ్లి. నెలంతా అతిథులు, వంటలు, కానుకలుగా వచ్చిన చాపలు మడతపెట్టడం. "ఇప్పుడా ఉద్యోగాల గొడవ?" అన్నాడు సెటు. ఆమె ఊరుకుంది, తన తర్వాత చేరిన సావేలియో మేనేజరయ్యాడు. మంచివాడే పాపం, సిగ్గుపడుతూనే అయ్యాడు. ఇదీ పోతే ఇంకో మేనేజరుకి పని నేర్పడం, అతను వెళ్లేటప్పుడు కేకు కొయ్యడం, అంతే. తన వయసుకి మళ్లీ ఈ కుర్చీ ఖాళీ అవుతుందన్న ఆశ ఆమెకి లేదు.

"పెడతాను" అంది.

గురువారం సాయంత్రం ఆరున్నరకి ఫోన్‌లో ఇంటర్వ్యూ అన్నారు. సిడ్నీలో అది మధ్యాహ్నం, వాళ్లకి హాయి. ఆ రాత్రి ఆమె చాప మీద సర్దుకుని సెటుతో మెల్లగా ఆ మాట చెప్పింది.

"గురువారమా? పాస్టరుగారికి భోజనం పెట్టే వంతు మనది. ప్రార్థనవగానే వచ్చేస్తారు. నువ్వు లేకపోతే ఎవరు వడ్డిస్తారు, లూపె అక్కా?"

"నువ్వున్నావుగా?"

అతను నవ్వాడు. ఆమె జోకేసిందనుకున్నాడు. "ఫోన్లోదేగా, ఇంకో రోజు పెట్టుకోమను. ఇంట్లో అందరం పనిచేస్తున్నాం ఫువా. నీ ఒక్కదానికే ఏమిటీ కెరీరు?"

పెళ్లికి ముందు తండ్రి పళ్లెం దగ్గర విసనకర్ర పట్టింది ఇతనే. వంటకి పొయ్యిలో రాళ్లు కాల్చిందీ, వడ్డించిందీ, చేతులు కడగడానికి నీళ్లు పట్టిందీ ఇతనే. ఇంటి కొడుకులు చెయ్యాల్సిన పనే అది. పెళ్లయిన మర్నాడు ఆ విసనకర్ర ఆమె చేతికొచ్చింది. ఎవరూ ఇమ్మనలేదు, ఎవరూ తీసుకోమనలేదు, వచ్చేసిందంతే. అది ఎలా వచ్చిందో ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆమెకి కోపమొచ్చింది, కానీ కోప్పడే ఓపిక లేక పక్కకి తిరిగి పడుకుంది.

ఇంటర్వ్యూ వాయిదా వెయ్యమని ఆమె ఎవర్నీ అడగలేదు.

ఆ ఊళ్లో పొద్దు గూకే వేళ శంఖం ఊదుతారు. మొదటి శంఖానికి అందరూ ఇళ్లు చేరాలి. రెండోదానికి ప్రార్థన మొదలు. మూడోది వినిపించేదాకా వీధిలో మనిషి నడవకూడదు, కారు కదలకూడదు. ఊరి మొదట్లో మగవాళ్లు కాపలా నిలబడతారు. ఒకసారి బస్సు ఆలస్యమై ఫువాటినో మొదటి శంఖం తర్వాత దిగింది. ఊరి హద్దు అయిన చిన్న వంతెన మీద కూర్చుని ఎదురుచూడాల్సొచ్చింది. అలా కూర్చున్నాక తెలిసింది, ఇక్కడికొచ్చి తనకి ఎవరూ పని చెప్పలేరని. ఆ తర్వాత ఆమె బస్సు తరచూ ఆలస్యమవుతూ వచ్చింది. నెట్‌వర్కుల పరీక్షకీ, డేటా భద్రత పరీక్షకీ ఆమె చదివిందంతా ఆ వంతెన గోడ మీదే. ముందు ఏది నేర్చుకోవాలో, ఏ పని అడిగి తీసుకోవాలో, ఎప్పటికి ఏ కుర్చీ చేరాలో కాళ్ల కింద వాగు చూస్తూ అక్కడే అనుకుంది. ఇంట్లో అలా అనుకోవడానికి చోటు లేదు.

గురువారం తెల్లవారకముందే లేచి వంటంతా చేసి, ఆకులు కప్పి పెట్టి ఆఫీసుకెళ్లింది. సాయంత్రం కావాలనే ఒక బస్సు వదిలేసింది. దిగేసరికి మొదటి శంఖం అయిపోయింది. వంతెనకి అవతల, కాపలాలో సెటు నిలబడి ఉన్నాడు. నలభై దాటినా తండ్రి ఇంకా ఇంటి పెద్దరికపు బిరుదు ఇవ్వలేదు గనక ఊరి లెక్కలో అతనింకా కుర్రకారే. భార్యని చూసి కళ్లెగరేశాడు, ఇప్పుడా రావడం అన్నట్టు. రెండో శంఖం మోగింది. ఇక అతను నోరు తెరవకూడదు, నిలబడ్డచోటు వదలకూడదు. ఇవతల వైపున్న ఆమెకి ఆ కట్టడి లేదు.

ఫోన్ మోగింది. ఫువాటినో గోడ మీద కూర్చుని చెప్పులు వదిలి మాట్లాడింది. తుఫాను వచ్చి కరెంటు పోయిన వారం ఆఫీసులోనే పడుకుని ఖాతాలన్నీ ఎలా కాపాడిందో చెప్పింది. ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్‌లో చాలా భాగం ఎవరు కట్టారని అడిగితే "నేను" అంది. ఆ మాట బయటికి అని ఎన్నాళ్లయిందో. అవతల సెటు కదలకుండా వింటున్నాడు. ఆమె పనేమిటో పెళ్లయ్యాక అతను ఒక్కసారీ ఇంతసేపు వినలేదు. ఇప్పుడు వినక తప్పదు, ఊరి కట్టుబాటు.

"ఐదేళ్ల తర్వాత మీరెక్కడ ఉంటారనుకుంటున్నారు?" అని అడిగింది సిడ్నీ ఆవిడ.

ఇంత అలసట లేనిచోట, అనబోయింది. "సవాయి దీవిలో మనకి రెండో సర్వర్ కేంద్రం ఉంటుంది. ఒక దీవి మునిగినా బ్యాంకు ఆగదు. అది నడిపేవాళ్లకి పని నేర్పేది నేను" అంది. ఆ జవాబు ఈ గోడ మీద ఎప్పుడో తయారైంది.

మూడో శంఖం ఊదారు. ఊరంతా ఒక్కసారి కదిలింది. సెటు గబగబా వంతెన దాటి వచ్చాడు.

"పద, పాస్టరుగారు వచ్చేసుంటారు. అమ్మ నా ప్రాణం తీస్తుంది" అన్నాడు గుసగుసగా.

"అక్కడేదో హడావిడిగా ఉన్నట్టుంది" అంది ఫోన్లో ఆవిడ. "ఇంకో రెండు విషయాలు అడగాలి. మీరు వెళ్లాల్సి ఉంటే ఆపేద్దాం."

ఫువాటినో మొగుడి ముఖంలోకి చూసింది. పొద్దున్నుంచీ ఒళ్లు నొప్పులు. లేచి వెళ్లడం కన్నా కూర్చోవడమే ఈ పూట తేలికనిపించింది. ఇంగ్లీషులోనే, అతనికి ప్రతి మాటా అర్థమయ్యేంత నిదానంగా చెప్పింది.

"వెళ్లక్కర్లేదు, అడగండి. ఇంట్లో పెద్దలకి విసనకర్ర విసరడానికి మా ఆయన వెళ్తున్నాడు. ఆ పని మొదట ఆయనదే."