రాకాసి గుళ్ళ నడుమ నర్సింహమ్మ

సేతుసింధి బుగ్గయ్య పొద్దున్నే వచ్చి గుడిసె ముందు నిలబడేసరికి జంగమ్మ వల చిక్కులు తీస్తూ కూర్చుని ఉంది. ఊరి కచేరీ తరఫున మనుషులను పిలుచుకుపోవడం బుగ్గయ్య పని. అతను వచ్చాడంటే ఎవరికో ఏదో మోయాల్సి వస్తుందని ఇబ్రహీంపట్నంలో అందరికీ తెలుసు.

"జంగమ్మా, రాకాసి గుళ్ళ కాడ డేరాలు ఏసిండ్రు. హైదరాబాదు కెళ్ళి కాలేజి పిల్లలొచ్చిండ్రు, వాళ్ళ పంతులొచ్చిండు. నీళ్ళు మోసెతందుకు మనిషి గావాల్నట. నువ్వైతే తొవ్వ ఎర్కైనదానివి."

"మళ్ళ వెట్టి మొదలైందా అన్నా?"

"వెట్టి ఎప్పుడో పోయె గదనే! కూలి ఇస్తరు. షికారుకు గూడ రాలె వీళ్ళు. ఆ గుళ్ళు జూస్తరట, తవ్వుతరట."

ఆ చివరి మాటకు జంగమ్మ చేతిలో వల అట్లాగే ఉండిపోయింది. ఏవి తవ్వుతారని అడగాలనుకుంది. అడిగితే, నీకెందుకని బుగ్గయ్య తిరిగి అడుగుతాడు. ఊరుకుంది. కుండలు రెండు తీసుకుని బయలుదేరింది.

ఊరికి, ఆదిభట్లకు నడుమ సర్కారు బంజరు ఉంది. ఎంత దూరం చూసినా రాతి నేల, బోడ గుండ్లు, ముళ్ళ కంపలు, అక్కడక్కడ సీతాఫలం పొదలు. ఎండకాలం అక్కడ పిట్ట కూడా వాలదు. ఆ రాళ్ళ నడుమ ఒకచోట పెద్ద పెద్ద గుండ్లను గుండ్రంగా పాతిన వలయాలు ఉన్నాయి. ఎవరు పాతారో, ఎప్పుడు పాతారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. మనుషులకు సాధ్యమయ్యే పని కాదు, రాక్షసులే పాతి ఉంటారని ముసలివాళ్ళు అనేవాళ్ళు. అందుకే అవి రాకాసి గుళ్ళయ్యాయి.

నిజాం రోజుల్లో హైదరాబాదు నుంచి దొరలు, నవాబులు మోటార్లలో అక్కడికి షికారుకు వచ్చేవారు. కుందేళ్ళను, కౌజు పిట్టలను కొట్టి, గుండ్ల నీడలో జంఖానాలు పరుచుకుని పలావు తినేవారు. వాళ్ళకు నీళ్ళు మోసే వెట్టి జంగమ్మ అత్తగారింటి మీద ఉండేది. అత్త నర్సింహమ్మ, కోడలు జంగమ్మ కలిసి పొద్దంతా మోసేవాళ్ళు. ఒకసారి దించిన కుండ పక్కనే కూలబడి నర్సింహమ్మ అన్నది: "ఎండల తిరుగుడంటే మనకు పాణం పోతది. వీళ్ళకు సరదా సూడే."

నర్సింహమ్మ చెరువు చేపలను గంపలో పెట్టుకుని తుర్కయాంజాల్ దాకా నడిచి అమ్మివచ్చే మనిషి. గట్టి గొంతు. నవ్వితే నాలుగు ఇళ్ళ అవతలికి వినిపించేది. ఆమెకు ఒక్కడే కొడుకు, జంగమ్మ భర్త బాలస్వామి. అతను నిజాం మీద, దొరల మీద కొట్లాడే సంఘంలో చేరాడు. బంజరు బీదవాళ్ళదని సంఘం వాళ్ళు చెప్పి, రాకాసి గుళ్ళ పక్కన ఒక ముక్క బాలస్వామికి చూపించారు. ఆ ఎండకాలమంతా ముగ్గురూ రాళ్ళు ఏరారు. తొలకరికి ఆముదాలు వేశారు. నీళ్ళ మీద బతికిన ఇంటికి అది మొదటి చేను. నర్సింహమ్మ చేపల గంప మానేసి పొద్దస్తమానం ఆ చేను గట్టునే కూర్చునేది.

"మొలక ఒచ్చిందే జంగీ, సూసినవా? గీ రాళ్ళల్ల గూడ ఒచ్చింది," అని పొంగిపోయేది.

ఆముదాలు జానెడెత్తు అయ్యేసరికి రజాకార్లు ఊరిమీద పడ్డారు. సంఘం వాళ్ళ ఇళ్ళు ఎక్కడని అడుగుతూ వచ్చారు. బాలస్వామి అప్పటికే దళంతో దేవరకొండ వైపు వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళు దొడ్డిదారిన బంజరులోకి పరుగెత్తారు. రాకాసి గుళ్ళ దగ్గర రెండు బండలు ఒకదాని మీద ఒకటి వాలిన సందు ఉంది. అందులో దూరారు. రజాకార్లు కచేరీలోనే మకాం పెట్టారని, ఊళ్ళోకి రావద్దని మేకలు కాసేవాళ్ళు చెప్పిపోయారు. వాన పట్టుకుంది. నర్సింహమ్మకు జ్వరం, విరేచనాలు. గుంతల్లో నిలిచిన నీళ్ళు తప్ప తాగడానికి వేరేవి లేవు.

"నన్ను ఊర్లెకు తీస్కపోవే. మీ మామ పక్కన పెట్టు," అన్నది నర్సింహమ్మ.

"జర తెరిపియ్యనియ్యి అత్తా. పోదాం."

వాన తెరిపి ఇచ్చిన పగలే ఆమె పోయింది.

జంగమ్మ దగ్గర ఒక కొడవలి, ఒక సత్తు గిన్నె ఉన్నాయి. చేనుకు కొంచెం ఇవతల నేల మెత్తగా ఉన్నచోట కొడవలితో గీరింది, గిన్నెతో ఎత్తిపోసింది. మోకాలి లోతు రాకముందే బండ తగిలింది. అత్తను అంతవరకే పెట్టగలిగింది. నక్కల భయానికి మట్టి మీద రాళ్ళు పేర్చింది. చుట్టూ పాత గుళ్ళు కనబడుతుంటే, వాటిని చూసి, తాను మోయగలిగిన రాళ్ళు తెచ్చి తానూ ఒక వలయం పెట్టింది. ఏడవడానికి కూడా ఒంట్లో శక్తి లేదు. అక్కడే పడి నిద్రపోయింది.

తర్వాత పోలీసు చర్య జరిగింది. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. ఇక మనకు ఫికర్ లేదని ఊరంతా అనుకుంటుండగా ఆ మిలిటరీయే సంఘం వాళ్ళను ఏరడం మొదలుపెట్టింది. బాలస్వామిని అడవిలో పట్టుకుని చంచల్‌గూడ జైలులో వేశారు. బంజరు తిరిగి సర్కారుదైంది. ఆముదం చెట్లను పశువులు తినిపోయాయి. జంగమ్మకు ఒక పని మాత్రం మిగిలింది. పెద్ద వాన పడ్డప్పుడల్లా బంజరుకు పోయి, జారిన రాళ్ళు మళ్ళీ పేర్చాలి. లోతు తక్కువ కాబట్టి మట్టి కొట్టుకుపోయేది. నక్కలు గీరిన గుర్తులు కూడా ఒకటి రెండుసార్లు కనిపించాయి. పేర్చిన ప్రతిసారీ నడుము పట్టేసేది. ఇంటికి వచ్చి పడుకున్నా వాన చప్పుడైతే కళ్ళు తెరుచుకునేవి.

బుగ్గయ్య వచ్చి పిలిచిన ఆ రోజు డేరాల దగ్గర జంగమ్మ మొదటి మోత దించినప్పుడు అంతా సందడిగా ఉంది. పదిహేను మంది దాకా కాలేజి పిల్లలు, మగపిల్లలూ ఆడపిల్లలూ. కొందరు గుండ్లెక్కి కేకలేస్తున్నారు. కొందరు బొమ్మలు గీస్తున్నారు. పంతులు పేరు హన్మంత్‌రావు. నెరిసిన జుట్టు, నెత్తిన టోపీ, ఎండకు కందిన ముఖం. తవ్వే కూలీలను మేస్త్రి మల్లేశయ్య కందుకూరు నుంచి తెచ్చాడు. వాళ్ళింకా గడ్డపారలకు కర్రలు బిగిస్తున్నారు.

జంగమ్మ రెండో మోతకు కుంట దాకా పోయి వచ్చింది. వచ్చేసరికి కూలీలు పెద్ద గుళ్ళను వదిలేశారు. ఓ పక్కన చిన్నగా ఉన్న వలయం చుట్టూ మేకులు పాతి తాడు కట్టారు. మల్లేశయ్య పైరాళ్ళు తీసి పక్కన పేరుస్తున్నాడు.

జంగమ్మ కుండలు జాగ్రత్తగా దించింది. అంత దూరం మోసిన నీళ్ళు. తాడు దాటి లోపలికి పోయి, వలయం నడుమ కూర్చుంది.

"లే అమ్మా, గడ్డపార తాకుతది," అన్నాడు మల్లేశయ్య.

"తవ్వొద్దు."

"ఎందుకు తవ్వొద్దు?"

"మా అత్త ఉన్నది."

మల్లేశయ్య అటూ ఇటూ చూశాడు. "ఏడున్నది?"

"నా కిందనే."

మాటలు విని హన్మంత్‌రావు వచ్చాడు. నెమ్మదిగా చెప్పాడు: "చూడమ్మా, ఇవన్నీ వేల ఏండ్ల కిందటి సమాధులు. ఊర్లె వాళ్ళు భయపడతరని నాకు తెలుసు. మేము ఎవ్వరినీ అవమానం చెయ్యం. పెద్దవాటిని తవ్వే టైం మాకు లేదు. ఇది చిన్నది, పిల్లలకు నేర్పెతందుకు బాగుంటదని..."

"మిగిలినయి ఎవ్వరియో నాకు ఎర్క లేదు దొరా. గిది నేను పెట్టిన."

జంగమ్మ తల వంచుకుంది. చెప్పాలంటే సంఘం సంగతి చెప్పాలి, బంజరు దున్నిన సంగతి చెప్పాలి. వీళ్ళు కచేరీలో ఒక మాట అన్నా మిలిటరీ మళ్ళీ గుడిసె ముందుకు వస్తుంది. జైల్లో మొగుడు ఉండనే ఉన్నాడు. కాసేపు గులకరాళ్ళను చేత్తో అటూ ఇటూ జరిపింది. ఇంతకాలం మోసీ మోసీ ఆమెకు భయపడే ఓపిక కూడా అయిపోయింది.

"నా మొగడు సంగంల ఉండె. రజాకార్లొస్తె గీడికి ఉరికొచ్చినం. అత్తకు జరమొచ్చి గా బండల సందుల పోయింది. ఊర్లెకు తీస్కపో, మామ పక్కన పెట్టు అన్నది. తీస్కపోలేదు. గీడ పెట్టిన. గంతే."

హన్మంత్‌రావు మేస్త్రి వైపు తిరిగి, "తాడు విప్పు మల్లేశయ్యా," అన్నాడు. "తప్పైంది అమ్మా. అడగకుండ చెయ్యి పెట్టినం."

మల్లేశయ్య తాను తీసిన రాళ్ళను ఒక్కొక్కటే తిరిగి పెట్టాడు. పెడుతూ పెడుతూ మట్టిని చేత్తో తట్టి చూశాడు.

"గింత పైపైన పెట్టినవేందక్కా?"

"ఒక్కదాన్నే ఉంటి అన్నా. కింద బండ తగిలె. వాన పడ్డప్పుడల్ల ఒచ్చి సదురుతున్న. నక్కలు గీరుతున్నయ్."

ఆ మాట విన్నాక హన్మంత్‌రావు ఆమె పక్కన ఒక రాయి మీద కూర్చున్నాడు. "నువ్వు సరే అంటె ఒక పని చేద్దాం. మా మనుషులకు ఎముకలు పాడుగాకుండ తియ్యొస్తది. ఒక బట్టల కట్టి ఊర్లెకు పంపుత. మీ మామ పక్కన పెట్టుకుందువు. ఆమె కోరింది గదా."

జంగమ్మ అది ఊహించలేదు. ఇన్నాళ్ళూ ఆమెను నిద్రపోనివ్వనిది ఆ మాటే. తీసుకుపో అన్నది, తీసుకుపోలేదు. ఇప్పుడు సాయంత్రానికల్లా తీసుకుపోవచ్చు. చేను వైపు చూసింది. అక్కడ చేను అన్న గుర్తు ఏదీ లేదు. తాము ఏరి పోసిన రాళ్ళ గట్టు మాత్రం ఉంది. దాని మీద కూర్చుని మొలకలు లెక్కపెట్టిన మనిషి గుర్తుకొచ్చింది. చేపల గంప మోసినన్నాళ్ళూ అత్త కాళ్ళు చాపుకుని కూర్చోవడం జంగమ్మ చూడలేదు. ఇక్కడే చూసింది.

"ఒద్దు దొరా," అన్నది చివరికి. "గీడనే ఉండనియ్యి. గీడ జర సుకపడ్డది. మల్ల మల్ల లేపుడు ఒద్దు. ఓ పెద్ద రాయి కప్పితె సాలు. నాతోని లేవలె."

మల్లేశయ్య అప్పుడే లేచి చుట్టూ చూడసాగాడు. కొంచెం దూరంలో, వాలు మీద, పలకలాగా పగిలిన బండ ఒకటి దొరికింది. కూలీలు గడ్డపారలు దాని కిందికి తోసి లేపారు. కింద దుంగలు వేసి, తాళ్ళు కట్టి లాగారు. బండ కదిలి ఆగింది. అప్పటిదాకా గుండ్ల మీద కూర్చుని చూస్తున్న పిల్లలు దిగివచ్చి తాళ్ళు పట్టుకున్నారు. స్వరాజ్యం అనే అమ్మాయి చీర కొంగు నడుముకు దోపి ముందు వరసలో నిలబడింది. హన్మంత్‌రావు టోపీ తీసి పక్కన పెట్టి తానూ ఒక చెయ్యి వేశాడు. మల్లేశయ్య పదం ఎత్తుకుంటే అందరూ "హైస్సా" అన్నారు.

బండను సమాధి మీదికి దించేటప్పుడు మల్లేశయ్య అందరినీ ఆపాడు. "జర నిమ్మలం. లోపల మనిషున్నది," అన్నాడు.

అప్పటికి పొద్దు వాలుతోంది. స్వరాజ్యం చేతులు తాళ్ళకు ఒరుసుకుపోయి ఎర్రబడ్డాయి. ఆమె కుండలోంచి చెంబెడు నీళ్ళు ముంచి జంగమ్మకు ఇచ్చింది. జంగమ్మ సగం తాగి, మిగిలిన సగం బండ మీద పోసింది. ఆ రోజు ఇంకేదీ తవ్వలేదు. మర్నాడు కూడా జంగమ్మ వాళ్ళకు నీళ్ళు మోసింది.

ఆ వారమే చంచల్‌గూడ జైలులో ములాఖత్ దొరికింది. జాలీకి అవతల బాలస్వామి నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు. గడ్డం నెరిసింది. ఎప్పటిలాగే మొదట తల్లినే అడిగాడు.

"అవ్వ కాడికి పోయినవా?"

"పోయిన. పెద్ద బండ కప్పిపిచ్చిన."

"ఎవ్వరు లేపిండ్రు?"

జరిగింది జరిగినట్టు చెప్పింది. అతను జాలీ మీద నుదురు ఆనించి విన్నాడు. తన తల్లికి తాను చెయ్యాల్సిన పనిని ఎవరో పరాయి పిల్లలు చేశారు.

"నేనుంటె..." అన్నాడు.

"నువ్వుంటె నిన్ను సంపుదురు," అన్నది జంగమ్మ. కోపంగా అనలేదు. "ఇద్దరికి నేనొక్కదాన్నే తవ్వాల్సొస్తుండె."

అతను తల ఊపాడు. పక్కనున్న వాళ్ళు తమ వాళ్ళతో పెద్ద పెద్దగా మాట్లాడుతున్నారు.

"బండ పెద్దదేనా?"

"పండుకున్న ఎద్దంత ఉంటది."

"అయితె నక్కలతోని కాదు."

"కాదు. వాన పడ్డా నేను పోయె పని లేదు."

వార్డరు టైం అయిందని కేకేశాడు. బాలస్వామి పోతూ పోతూ వెనక్కి తిరిగి, "జర తిను నువ్వు. గట్ల అయినవేంది?" అన్నాడు.

ఇబ్రహీంపట్నం బస్సులో ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. హైదరాబాదు దాటక ముందే కళ్ళు మూతపడ్డాయి. దారిలో వాన మొదలై కిటికీలోంచి జల్లు కొట్టింది. పక్కనున్న ఆవిడ తడుస్తున్నావని రెండుసార్లు చెప్పినా జంగమ్మకు మెలకువ రాలేదు. ఇబ్రహీంపట్నంలో అందరూ దిగిపోయాక కండక్టరే వచ్చి భుజం తట్టి లేపాడు.