ఐదో పొట్లం

ఆనేకల్‌లో పద్మనాభం ఇంటి ముందు సంపంగి కొమ్మకు ఒక కొత్త కుండ వేలాడుతోంది. మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది. అస్థికలను ఇంట్లోకి తేకూడదు గనక కాటి నుంచి వస్తూనే చెట్టుకు కట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. అయితే ఆ కుండలో ఉన్నవి అస్థికలు కావు.

సుమత్రా దీవిలో నిప్పుకొండ పేలి కొడుకు కౌశల్‌ను పొట్టన పెట్టుకుని పదహారు రోజులైంది. శవం దొరకలేదు. పేలుడుకు ముందే డ్రైవరు చేత కిందికి పంపిన సంచి మాత్రం ఇల్లు చేరింది. అందులో ఆ కొండ బూడిద పొట్లాలు నాలుగు. కన్నవాళ్ళ చేతికి ఏదో ఒకటి కావాలి కదా. వాటినే కుండలో పోసి, రేపు పశ్చిమవాహిని రేవులో, ఏట్లో కలపాలని భార్యాభర్తలు నిశ్చయించుకున్నారు.

అంతలో కౌశల్‌తో కలిసి నిప్పుకొండల మీద పరిశోధన చేసిన గీతాంజలి బెంగళూరు నుంచి వచ్చింది. ఆ పొట్లాలు కావాలని అడిగింది.

"కుండలో పోసేసినాము తల్లీ," అంది లక్ష్మీదేవి.

గీతాంజలి ముఖం పాలిపోయింది. "నాలుగూ కలిపేశారా ఆంటీ?" అంటూ అరుగు మీద కూలబడింది.

పద్మనాభానికి ఒళ్ళు మండింది. అసలే కడుపుకోత, ఆపైన గోరుచుట్టు మీద రోకటిపోటు. "మనిషి పోయినాడని కాదు, బూడిద పోయిందని వస్తివా?" అన్నాడు.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "తను వెళ్ళిందే దానికోసం అంకుల్. ఆ కొండ ఒక్కసారిగా పుట్టింది కాదు. పేలిన ప్రతిసారీ బూడిదో, లావానో ఒక పొర పడుతుంది. అలా పొర మీద పొర పేరుకునే అంత ఎత్తయింది. ఒక్కో పొట్లం ఒక్కో పొరది, అన్నిటికన్నా పాతది ఒకటి, కొత్తది నాలుగు. పొర వయసు తెలిస్తే ఎన్నేళ్ళకోసారి పేలుతోందో తెలుస్తుంది. ఆ గ్యాప్ ప్రతిసారీ తగ్గుతోందని కౌశల్ డౌట్. కింద మూడు ఊళ్ళున్నాయి. ఇక భయం లేదనుకుని జనం అప్పుడే తిరిగొచ్చేస్తున్నారు. పొరలు వరసలో ఉంటేనే మేం ఏమైనా చెప్పగలం."

పద్మనాభం లేచి కుండ దగ్గరికి నడిచాడు. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసిన మనిషి.

"వాడు నంబర్లు రాసినాడమ్మా. ఒకటి అడుగున, నాలుగు పైన పోసినా. పడుగు పోగులు లెక్కబెట్టిన చెయ్యి ఇది. వరస తప్పేది దీనికి రాదు. కుండను ఎవురూ కదిలించలేదు."

గుడ్డ విప్పారు. గీతాంజలి సంచిలోంచి సన్నటి గాజుగొట్టం తీసి, కుండ అడుగు తగిలేదాకా మెల్లగా దించి పైకి తీసింది. నలుపు, దానిపైన మట్టిరంగు, ఆపైన బూడిదరంగు, చివర తెలుపు. చీర అంచులో చారల్లా నాలుగూ విడివిడిగా కనిపించాయి. పద్మనాభం ఆ గొట్టం మీదుగా వేలితో నిమిరాడు. కొడుకు చేతిపని అని గర్వం కలిగింది. మరుక్షణమే దుఃఖం పొంగుకొచ్చింది.

"అంతా ఈయమ్మికిచ్చేస్తే రేపు ఏట్లో ఏం కలిపేదప్పా?" అంది లక్ష్మీదేవి.

పద్మనాభం లోపలికి వెళ్ళి కొడుకు సంచి తెచ్చాడు. అడుగున ఇంకో పొట్లం ఉంది. పైన కౌశల్ రాతలో ఐదు అని ఉంది. లోపల ఏమీ లేదు.

"ఇదేందమ్మా?"

గీతాంజలి తల దించుకుంది. "కొండ అప్పటికే పొగలు కక్కుతోంది అంకుల్. ఈసారి పేలితే పడే బూడిద కోసం ముందే నంబరేసి పెట్టుకున్నాడు."

పద్మనాభం చాలాసేపు ఆ అంకె వైపే చూశాడు. తరువాత కుండను రెండు చేతులా దించి ఆమె ఒడిలో పెట్టాడు. దానిపైన ఖాళీ పొట్లం ఉంచాడు.

"ఇవి నాలుగూ ఆ ఊళ్ళోళ్ళవి. తీసకపో. మళ్ళా ఆ కొండకాడికి పోతావు గదా, ఈ పొట్లం నింపుకొని రా తల్లీ. నా కొడుకు ఆ ఐదో పొరలో ఉండాడు. అంతవరకూ మేము ఏటికి పోము."

లక్ష్మీదేవి ఏడుస్తూనే తెల్లగుడ్డను దులిపి, మడిచి, పెట్టెలో దాచింది. అది మళ్ళీ కావాలి.