రోడ్డుకు అవతల నా చేయి

నేను ఒక తోలుబొమ్మను. రాజునూ కాను, రాణినీ కాను. కథ పాడేవాళ్ల గొంతు ఎండిపోయినప్పుడు, వాళ్లు నీళ్లు తాగి వచ్చేదాకా తెర మీద చిందులేసే ఆటకత్తెను. కథలో నాకు పాత్ర లేదు, పేరూ లేదు. అయినా మెడ, నడుము, మోచేతులు విడివిడిగా కదిలేది మా పెట్టెలో నాకొక్కదానికే. అందుకే అందరికంటే ముందు అరిగేదీ నేనే.

ధర్మవరం దగ్గరి పల్లెలో ఓబులేసు తండ్రి నన్ను మేకతోలుతో చేశాడు. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండలో బిగించి పలచన చేసి, నగలుండే చోటల్లా సన్నటి చిల్లులు కొట్టాడు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే రవ్వలు. దీపం లేకపోతే నేను ఎండిన అప్పడాన్ని. ఆ సంగతి నాకూ తెలుసు.

ఆ ఇంట్లో బొమ్మ పాతబడితే పారేయరు. చిరిగిన ముక్క తీసేసి, కొత్త ముక్క కట్టి మళ్లీ ఆడిస్తారు. ముసలాయన చేసిన తల, ఓబులేసు మార్చిన నడుము, ఓబులేసు కూతురు చంద్రకళ చేసిన కుడిచేయి, అన్నీ కలిస్తే నేను. ఎవరి పని అని నన్ను చూసి ఎవరూ అడగలేదు, కాలేజీ వాళ్లు అడిగేదాకా.

చంద్రకళ ఆ ఇంట్లో ఇంటర్ పాసైన మొదటి మనిషి. పగలు రంగులు వేస్తుంది, ఆట ఉన్ననాడు పాడుతూ ఆడిస్తుంది. రెండూ చదువుకుంటానంది. కళలు నేర్పే విశ్వవిద్యాలయం ఉందని ఎవరో చెబితే, ఓబులేసు నన్ను రెండు అట్టల మధ్య పెట్టి, పాత పంచెలో చుట్టి, కూతుర్ని తీసుకుని బస్సెక్కాడు. దారంతా నా మీద ఎవరిదో టమాటా గంప.

తీరా వెళితే, బొమ్మలు వేసే చదువు రోడ్డుకు ఒక పక్క భవనంలో, ఆడి చూపించే చదువు ఇంకో పక్క భవనంలో. రెండు చోట్లా పరీక్షకు కూర్చోవచ్చు. చేరేది మాత్రం ఒక్కచోటే. ఏ చోటో సాయంత్రంలోగా చెప్పేయాలి.

"రెండూ వచ్చిన పిల్ల ఏం చెయ్యాలప్పా?" అన్నాడు ఓబులేసు, గేటు దగ్గర వాచ్‌మన్‌తో.

"ఒకటి మర్చిపోవాలి," అన్నాడతను, చెవి గోక్కుంటూ.

చిత్రలేఖనం గదిలో నన్ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. పైన ట్యూబులైటు. వెనక వెలుగు ఉండాల్సినదాన్ని నెత్తిన వెలుగు పెట్టి చూస్తున్నారు. మేడమ్ మంచి మనిషే, వేలు తగలకుండా వంగి చూసింది.

"బాగుందమ్మా. నువ్వు చేసిందేనా?"

"కుడిచేయి నాది మేడమ్. నడుము మా నాయనది. తల తాతది."

"మాకు నీ సొంత పని కావాలి. దీనికి ఎవరికని మార్కులెయ్యను? మీ తాతకా?"

చంద్రకళ దగ్గర వేరే బొమ్మ లేదు. ఒక్క మనిషే చేసిన బొమ్మ ఆ ఇంట్లో ఉండదు మరి. ఓబులేసుకు ఏం తోచిందో, నన్ను దగ్గరికి లాక్కుని, భుజం దగ్గరి ముడి పంటితో కొరికి, కుడిచేయి ఊడదీసి మేడమ్ ముందు పెట్టాడు.

"ఇదంతా మా పాపదే మేడమ్. దీనికి వేసుకోండి మార్కులు."

మేడమ్ ఆ చేతిని కిటికీ వైపు ఎత్తి చాలాసేపు చూసింది. గాజుల చిల్లుల్లోంచి ఎండ ఆమె మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది. సీటు ఇస్తానంది. చేయి మాత్రం ఇవ్వనంది. పరీక్షకు పెట్టిన పని కొన్నాళ్లు తమ దగ్గరే ఉంచుకోవాలట. నన్ను అడిగినవాళ్లు లేరు.

ఒంటిచేత్తో రోడ్డు దాటాను.

"బొమ్మ పక్కన పెట్టు తల్లీ. నువ్వు నటించు, నిన్ను చూడాలి," అన్నాడు నాటకం మాస్టారు.

మావాళ్లలో ఆడించే మనిషి మొహం జనానికి కనపడకూడదు.

"తెర యాడుంది సార్?" అంది చంద్రకళ.

"తెర లేదు. మేమున్నాం."

ఓబులేసు నన్ను చుట్టిన పంచె విప్పి, కిటికీకి ఎదురుగా ఒక కొస తలుపుకు కట్టి, ఇంకో కొస తాను పట్టుకున్నాడు. చంద్రకళ దాని వెనక్కి వెళ్లి పాట ఎత్తుకుంది. కుడిచేయి తిప్పాల్సిన చోటు వచ్చింది. ఇక ఆగిపోతుందనుకున్నాను. ఆమె తన చేతినే నా భుజం పక్కన పెట్టి తిప్పింది. తెర మీద తోలుబొమ్మకు మనిషి చేయి.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "సీటు ఇస్తాను. కానీ బొమ్మలాట మా చదువులో లేదు. చేయి బయటికొచ్చింది కదా, మిగతా మనిషిని మేం లాగుతాం."

సాయంత్రం తండ్రీకూతుళ్లు రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నారు.

"ఏం చేద్దాం నాయనా?"

"రంగులు ఇంట్లో నేను నేర్పుతా పాపా. జనం ముందర నిలబడేది నాకే రాదు. నేనేం నేర్పేది?"

అలా నాటకంలో చేరింది.

ఇప్పుడు నేను ఆ విభాగం సామాన్ల గదిలో, చెక్క కత్తుల పక్కన మేకుకు వేలాడుతున్నాను. వెనక గోడ. నా చేయి రోడ్డుకు అవతల అద్దాల బీరువాలో ఉంది, కింద చంద్రకళ పేరుతో. ఊరూరా ఆడిన నాకు పేరు లేదు, ఊరికే పడుకున్న చేతికి పేరు. ఒళ్లు మండదూ?

చంద్రకళ నాకు కొత్త చేయి చేయొచ్చు, ఇంటినిండా తోలుంది. చేయదు. వారం వారం రోడ్డు దాటి, "నా చేయి ఇస్తారా మేడమ్?" అని అడుగుతుంది. "తాళంచెవి వెతకాలి, కూర్చో," అంటుందట మేడమ్. అది దొరికేలోపు ఈమె వెనక బెంచీలో కూర్చుని రంగుల పాఠం వింటుంది. ఇవన్నీ ఈ గదికొచ్చి నన్ను ఆడిస్తూ తనే చెబుతుంది.

మొన్న తాళంచెవి దొరికిందట. మేడమ్ బీరువా తెరిచి, "ఇదిగో, తీసుకుపో," అందట.

"చేతులకు రంగుంది మేడమ్. వచ్చే వారం తీసుకుంటా," అందట ఈ పిల్ల.

వచ్చి ఆ చేత్తోనే నన్ను ఎత్తుకుంది. పచ్చి రంగు, నా నడుముకు అంటింది. ఓబులేసు మార్చిన నడుము. ఇప్పుడది ఎవరి పనని అడుగుతారో, రమ్మనండి.